జార్జి వాషింగ్టన్ రైతా, ఆసామా? మా నాన్నతో కారులో మొదలైన గొడవ

సింగరాయకొండ చిన్నోడు · శనివారం రాత్రి 10:20

అమ్మానాన్నలు వచ్చి రెండు నెలలైంది. మేముండేది ఉత్తర వర్జీనియాలో. గుళ్లకు తీసుకెళ్లాం, మాల్స్ తిప్పాం, నయాగరా కూడా అయింది. అన్నిటికీ నాన్నది ఒకటే మాట, "బాగుందిరా". ఇవాళ ఏమీ తోచక మౌంట్ వెర్నన్ తీసుకెళ్లాను. జార్జి వాషింగ్టన్ ఇల్లు, పొలాలు అక్కడే, పోటోమాక్ నది ఒడ్డున.

నాన్న ఆ పెద్ద ఇంటిని కన్నెత్తి చూడలేదు. నది పక్కన, వాషింగ్టన్ కాలంలో గోధుమలు నూర్చిన పదహారు పలకల గుండ్రటి కొట్టాన్ని మళ్లీ అలాగే కట్టి పెట్టారు. పై అంతస్తులో గుర్రాలు గుండ్రంగా తిరుగుతూ పనలు తొక్కుతాయి. నేలకి పరిచిన చెక్కల మధ్య సందుల్లోంచి గింజ కింది అంతస్తులోకి రాలుతుంది. నాన్న అక్కడ అరగంట నిలబడ్డారు. రెండు నెలల్లో ఆయన మొహంలో కళ చూడటం అదే మొదలు.

అంతా బాగానే ఉంది. ఇంతలో అక్కడి మనిషి ఒకాయన, వాషింగ్టన్ అన్నిటికంటే ముందు రైతు అన్నాడు. నాన్న నన్ను అడిగారు:

"ఎన్నెకరాలు?"

"చివర్లో ఎనిమిది వేల దాకా. ఐదు పొలాలుగా చేయించేవాడు."

"కూలోళ్లు?"

"కూలీలు కాదు నాన్నా, బానిసలు. చనిపోయిన ఏడాది, 1799లో, 317 మంది."

"అయితే రైతు అనబాకురా. ఆసామి అను."

ఇంటికొచ్చేదాకా కారులో ఇదే వాదన. నేను రైతేనన్నాను. స్వయంగా పంటల లెక్కలు రాసుకున్నాడు, పొగాకులో దెబ్బ తిన్నాడు, విత్తనాల గురించి జీవితాంతం ఉత్తరాలు రాశాడు. నాన్న 35 ఏళ్లు పొగాకు పండించిన మనిషి, అదీ మనవాళ్లు వర్జీనియా పొగాకు అనే రకమే. ఆయన కాదంటే నేను గెలవడం కష్టం. మీరేమంటారు?

పిచ్చుక గూడు · శనివారం రాత్రి 10:41

మన దగ్గర ఎన్నికల అఫిడవిట్లు తిరగేయండి. కాంట్రాక్టరు, కాలేజీ ఓనరు, సినిమా నిర్మాత, అందరిదీ "వృత్తి: వ్యవసాయం". ఆ లెక్కన వాషింగ్టన్ ఉత్తమ రైతు అవార్డుకి అర్హుడు.

మాజీ మేస్టారు · ఆదివారం ఉదయం 6:05

చిన్నోడూ, మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేను. ఆయన పొగాకు రైతు కాబట్టి పొగాకుతోనే మొదలుపెడతాను.

1759లో వాషింగ్టన్ మార్తా కస్టిస్ అనే ధనవంతురాలైన వితంతువును పెళ్లాడాడు. భూమి, మనుషులు, లండన్ వ్యాపారులతో ఖాతాలు, అన్నీ ఆ పెళ్లితో కలిసొచ్చాయి. పొగాకు కోసి, కొట్టాల్లో గాలికి ఆరబెట్టి, పెద్ద పీపాల్లో కుక్కి లండన్‌లో రాబర్ట్ కేరీ కంపెనీకి పంపేవాడు. ధర ఎంత పలికిందో నెలల తర్వాత ఉత్తరం వస్తేనే తెలిసేది. ఓడ కిరాయి, సుంకం, కమీషను అన్నీ పట్టుకున్నాక మిగిలింది ఖాతాలో పడేది. ఆ ఖాతా మీదే బట్టలు, పనిముట్లు, సామాన్లు అదే కంపెనీ నుంచి తెప్పించుకునేవాడు. సరుకు వాళ్లకే అమ్మాలి, కొనేదీ వాళ్ల దగ్గరే. తన పొగాకుకి పక్కవాడి కంటే తక్కువ ధర కట్టారని ఉత్తరాల్లో మొత్తుకునేవాడు. 1760ల మధ్యకు వచ్చేసరికి దాదాపు 1,800 పౌండ్ల బాకీ తేలింది.

వేలంపాటలు రాకముందు మన పొగాకు రైతు వ్యాపారి గుమ్మం ముందు పడిగాపులు పడ్డ సంగతి మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. ఈ కథలో ఆయనకు కొత్త ఏముంది?

1766కల్లా వాషింగ్టన్ తన పొలాల్లో పొగాకును ప్రధాన పంటగా మానేశాడు. చుట్టుపక్కల పెద్దలందరూ పొగాకే పరువు అనుకుంటున్న రోజులవి. గోధుమకు మళ్లాడు. పిండిమర పెట్టాడు, పిండి వెస్టిండీస్‌కి పంపాడు. పోటోమాక్‌లో చేపలు పట్టించి ఉప్పు వేసి అమ్మించాడు. ఈ నిర్ణయాలన్నీ ఆయనవే, నష్టమొస్తే భరించేదీ ఆయనే. రైతంటే ఇంకేం కావాలి?

అరక పట్టిన రాధ · ఆదివారం ఉదయం 8:30

మేస్టారూ, మీ వివరాలతో గొడవ లేదు. చివర అడిగిన ప్రశ్నతోనే గొడవ. ఇంకేం కావాలంటే, చేతికి మట్టి కావాలి.

మాది జనగామ దగ్గర. మా నాయిన కౌలుకు చేసేటోడు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు పట్టా ఉన్నోళ్లకు సర్కారు ఇచ్చింది. మేం దున్నే భూమి ఓనరు హైదరాబాద్‌ల ఉంటడు, ఆయనకు వచ్చినయి. మాకు ఫోన్ చేసి "వాన పడ్డదా" అని కూడా అడగలే. సర్కారు కాగితంల ఆయన రైతు. మా నాయిన ఎవరు మరి?

"నష్టం భరించేదీ ఆయనే" అన్నరు. నష్టమొస్తే వాషింగ్టన్ లండన్ నుంచి తెప్పించుకునే బట్టలు తగ్గినయి. ఆ పొలంల ఉన్న బానిసకు నష్టమొస్తే? అమ్ముడుపోతడు. పిల్లలను విడిచి పోవాల్సి వస్తది. భయం ఎవరిది ఎక్కువ?

బెజవాడ బాబాయ్ · ఆదివారం ఉదయం 9:02

అమ్మా రాధా, ఆయన తన వీలునామాలో బానిసలందరికీ విముక్తి ఇచ్చేశాడు కదా. అది కూడా చెప్పాలి.

అరక పట్టిన రాధ · ఆదివారం ఉదయం 9:15

అందరికీ కాదు బాబాయ్. 317 మందిలో ఆయన సొంతం 123 మంది. 153 మంది మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినోళ్లు, వాళ్లను విడిపించే హక్కు ఆయనకు లేదు. మిగిలినోళ్లు పక్క వాళ్ల నుంచి కిరాయికి తెచ్చినోళ్లు. వీలునామా రాసింది 1799 జులైల, చచ్చిపోయింది డిసెంబర్‌ల. ఆయన 123 మందికి కూడా మార్తా పోయినంకనే విడుదల అని రాసిండు. ఒక్క విలియం లీకి మాత్రం వెంటనే. తన చావు కోసం ఇంతమంది ఎదురుచూసే ఇంట్ల ఉండుడు మార్తాకు ఎట్లుంటదో ఊహించుకోండ్రి. ఆమె 1801 జనవరి 1న వాళ్లను విడిచిపెట్టింది. 153 మంది వారసుల మధ్య పంచబడ్డరు. ఈ రెండు గుంపుల మధ్య పెళ్లిళ్లు అయినయి. అంటే మొగుడికి స్వేచ్ఛ, పెండ్లం పిల్లలు ఇంకొకరి ఇంటికి.

బెజవాడ బాబాయ్ · ఆదివారం ఉదయం 9:21

ఈ భాగం నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

మాజీ మేస్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:50

రాధమ్మా, బానిసత్వాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అది పాపమే. అయితే పాపం చేసినవాడు రైతు కాకుండా పోతాడా అన్నది వేరే ప్రశ్న.

చేతికి మట్టి అన్నావు కాబట్టి ఒక సంగతి. 1760 ఏప్రిల్‌లో ఆయన పది గళ్లున్న పెట్టె ఒకటి చేయించాడు. ఒక్కో గడిలో ఒక్కో రకం ఎరువు కలిపిన మట్టి: గుర్రం పేడ, ఆవు పేడ, గొర్రెల ఎరువు, వాగు ఒండ్రు, అలా. అన్నింట్లో ఒకే లోతున గోధుమ, ఓట్స్, బార్లీ గింజలు నాటి, ఏది ముందు మొలుస్తుందో డైరీలో రాసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 28. ఒక పౌను గడ్డి విత్తనాల్లో గింజలెన్నో కూడా లెక్క కట్టాడు, ఎకరానికి ఎంత చల్లాలో తేల్చుకోవడానికి. ఇంత చాదస్తం పట్టా పుస్తకం మాత్రమే ఉన్న మనిషికి ఉండదు. ఇది నేలంటే పిచ్చి ఉన్నవాడి లక్షణం.

1787లో ప్రత్యేకంగా ఎరువు మాగబెట్టే కొట్టం కట్టించాడు. ఏడేళ్ల పంట మార్పిడి పద్ధతి వేసుకున్నాడు. ఇంగ్లండులో ఆర్థర్ యంగ్ అనే వ్యవసాయ పండితుడితో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడు. స్పెయిన్ రాజు ఒక మేలుజాతి మగ గాడిదను కానుకగా పంపితే ("రాయల్ గిఫ్ట్" అని దానికి పేరు), దానితో కంచర గాడిదల పెంపకం మొదలుపెట్టాడు. తక్కువ మేతతో ఎక్కువ పని చేస్తాయని ఆయన నమ్మకం. చివరికి పొలాల్లో 50కి పైగా కంచర గాడిదలు పనిచేసేవి. ప్రెసిడెంటుగా ఫిలడెల్ఫియాలో కూర్చుని కూడా ప్రతి వారం పొలాల నివేదికలు తెప్పించుకుని, తిరిగి పేజీలకు పేజీలు రాసేవాడు. ఏ చేలో ఏం వేయాలి, ఏ గొర్రెను తీసేయాలి అని.

అరక పట్టిన రాధ · ఆదివారం మధ్యాహ్నం 2:10

పది గళ్ల పెట్టె ముచ్చట మంచిగుంది మేస్టారూ, నిజంగ. కానీ అదే ఏడాది, అదే డైరీ, రెండు నెలల ముందు చూడండ్రి. ఫిబ్రవరిల నలుగురు వడ్రంగులు (బానిసలే) ముందురోజు పదింటి నుంచి కలిసి 120 అడుగుల మొద్దులే చెక్కిండ్రని తెలిసి అనుమానం వచ్చింది. పక్కన కూసుండి, గడియారం పెట్టుకుని చూసిండు. మొద్దు చెక్కేందుకు ఎంతసేపు, రంపం తెచ్చుకునేందుకు ఎంతసేపు. దాన్ని బట్టి ఒక్కొక్కరు రోజుకు ఎంత చెక్కాలో లెక్క కట్టిండు.

మీకు గింజలు లెక్కపెట్టిన రైతు కనబడుతుండు. నాకు మనుషుల నిమిషాలు లెక్కపెట్టిన మేనేజరు కనబడుతుండు. ఇద్దరూ ఒకడే. దానికి రైతు అనే పేరు పెడితే మేనేజరు మాయమైతడు. గందుకే నాకు ఆ పేరు వద్దు.

ఆష్‌బర్న్ అమ్మ · ఆదివారం సాయంత్రం 4:45

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి స్కూలు ట్రిప్‌కి తోడుగా రిచ్‌మండ్ అసెంబ్లీ భవనానికి వెళ్లాను. అక్కడ హుడాన్ అనే ఫ్రెంచి శిల్పి చెక్కిన వాషింగ్టన్ పాలరాతి విగ్రహం ఉంది. ఒంటి మీద సైనిక దుస్తులు, చేతిలో మామూలు చేతికర్ర, కత్తి తీసి పక్కన వేలాడదీసి ఉంటుంది. వెనకాల కాళ్ల దగ్గర నాగలి.

రోమ్‌లో సిన్సినాటస్ అనే ఆయన ఉండేవాడట. నాగలి వదిలి సైన్యాన్ని నడిపించి, యుద్ధం గెలవగానే మళ్లీ నాగలి పట్టాడట. వాషింగ్టన్ కూడా 1783 డిసెంబర్ 23న అనాపొలిస్‌లో సేనాధిపతి పదవి వదిలేసి, క్రిస్మస్‌కి ఇంటికొచ్చేశాడు కదా. అందుకని ఆయన్ని అమెరికా సిన్సినాటస్ అన్నారు. "రైతు" అనే మాట అక్కడి నుంచి వచ్చిందని నాకనిపిస్తుంది. అది వృత్తి పేరు కాదు, పదవి వదులుకోగలవాడికి ఇచ్చిన బిరుదు. కుర్చీని పట్టుకుని వేలాడేవాళ్లను రోజూ చూస్తున్నాం కాబట్టి నాకు ఆ బిరుదు మీద కోపం రావడం లేదు.

పిచ్చుక గూడు · ఆదివారం సాయంత్రం 4:58

పాత కథలో సిన్సినాటస్‌కి నాలుగు ఎకరాలేనండీ, రోమన్ కొలతలో. ఎనిమిది వేలు కాదు.

పాత కాగితాల పిచ్చోడు · ఆదివారం రాత్రి 9:30

రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. ఇక ఆగలేను, క్షమించండి, కాస్త పొడుగవుతుంది.

వాషింగ్టన్ రైతా కాదా అని మనం మౌంట్ వెర్నన్‌లోనే తిరుగుతున్నాం. ఆయన్ని పడమటి కొండల అవతల చూడాలి. ఎందుకంటే అక్కడ ఆయనకు ఎదురుగా నిలబడ్డది అచ్చమైన చిన్న రైతులు.

మొదటి సంగతి. 1784 సెప్టెంబర్‌లో, యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన తొమ్మిది నెలలకు, గుర్రమెక్కి పశ్చిమ పెన్సిల్వేనియా వెళ్లాడు. అక్కడ మిల్లర్స్ రన్ అనే వాగు దగ్గర ఆయన పేరు మీద దాదాపు 2,800 ఎకరాలు. ఆ జిల్లా పేరు కూడా వాషింగ్టనే. వెళ్లి చూస్తే స్కాట్లండ్, ఐర్లండ్ మూలాలున్న కుటుంబాలు అడవి కొట్టుకుని, ఇళ్లు కట్టుకుని, ఏళ్లుగా సాగు చేసుకుంటున్నాయి. "మేం చెట్లు కొట్టినప్పుడు ఇక్కడ ఎవడూ లేడు, ఇది మా భూమి" అని వాళ్ల వాదన. "పట్టా నాది" అని ఈయన వాదన. వాయిదాల్లో కొనుక్కోండి, లేదంటే కౌలుకుండండి అన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. కోర్టుకెళ్లాడు, 1786లో గెలిచాడు. వాళ్లు ఖాళీ చేసి పోయారు.

చట్టం ఆయన పక్షానే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ రోజు ఆ వాగు దగ్గర రైతు ఎవరు?

రెండో సంగతి, విస్కీ. కొండల అవతలి రైతుకి ధాన్యం మోసుకెళ్లి అమ్మడం గిట్టదు. దారి లేదు, గుర్రం మోసే బరువు కొంతే. అదే ధాన్యాన్ని సారాగా కాస్తే తక్కువ బరువులో ఎక్కువ విలువ. నోట్లు, నాణేలు దొరకని చోట అదే డబ్బుగా కూడా చెల్లేది. 1791లో కేంద్రం సారా మీద పన్ను వేసింది, అదీ నగదుగా కట్టాలి. పెద్ద బట్టీలవాళ్లకు గాలన్‌కి పడే భారం తక్కువ, పెరట్లో కాచుకునేవాడికి ఎక్కువ. 1794 జులైలో పిట్స్‌బర్గ్ దగ్గర పన్ను అధికారి నెవిల్ ఇంటిని జనం తగలబెట్టారు. ప్రెసిడెంటు వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైన్యాన్ని పోగుచేసి, స్వయంగా బయల్దేరాడు.

ఇక్కడ రంగంలోకి వస్తాడు నా మనిషి. పేరు విలియం ఫిండ్లే. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టి, 1763లో పెన్సిల్వేనియా వచ్చాడు. నేత పని వచ్చు. తర్వాత వెస్ట్‌మోర్‌లాండ్ జిల్లాలో భూమి కొనుక్కుని వ్యవసాయం చేశాడు. కాలేజీ మొహం చూడలేదు. రాష్ట్ర అసెంబ్లీకి గెలిచాడు. 1786లో అక్కడ ఒక బ్యాంకు చార్టరు గురించి పెద్ద రగడ జరిగింది. దేశంలోకెల్లా పెద్ద షావుకారు రాబర్ట్ మోరిస్ వర్గం మొహం మీదే ఫిండ్లే ఏమన్నాడో నా మాటల్లో చెప్తాను: మీరు ఆ బ్యాంకులో వాటాదార్లు. మీ లాభం కోసం వాదించుకోవడం తప్పేం కాదు, ఎవడైనా అదే చేస్తాడు. కానీ దేశహితం కోసమే మాట్లాడుతున్నట్టు పోజు పెట్టకండి.

1791 నుంచి కాంగ్రెస్ సభ్యుడు. మధ్యలో నాలుగేళ్లు తప్ప 1817 దాకా గెలుస్తూనే ఉన్నాడు. ఆ 1794 అక్టోబర్‌లో, సైన్యం కార్లైల్ అనే ఊళ్లో విడిది చేసినప్పుడు, ఫిండ్లే, రెడిక్ అనే ఇంకొకాయన పడమటి జిల్లాల తరఫున రాయబారులుగా వాషింగ్టన్ దగ్గరకు వెళ్లారు. జనం దారికొచ్చారు, సైన్యం అక్కర్లేదు, వెనక్కి తిప్పండి అని బతిమాలారు. వాషింగ్టన్ మర్యాదగా కూర్చోబెట్టి అంతా విన్నాడు, డైరీలో రాసుకున్నాడు కూడా. సైన్యాన్ని మాత్రం ఆపలేదు. అది అక్కడికి చేరేసరికి తిరుగుబాటు చల్లారిపోయి ఉంది. చివరికి రాజద్రోహం నేరం రుజువైన ఇద్దరికీ ఆయనే క్షమాభిక్ష పెట్టాడు.

నా కంటికి కనిపించే బొమ్మ అదే. ఒక గదిలో ఇద్దరు, ఇద్దరూ నాయకులు, ఇద్దరిదీ వ్యవసాయమే. ఒకరు అడుగుతున్నారు, ఒకరు వింటున్నారు. ఎవరిని రైతు-నాయకుడు అంటారో మీరే చెప్పండి. నా ఓటు ఫిండ్లేకి.

కొసరు: ప్రెసిడెంటు పదవి దిగిన 1797లో వాషింగ్టన్ తన మరపిండి మిల్లు పక్కనే సారా బట్టీ పెట్టాడు. స్కాట్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ ఆండర్సన్ అనే మేనేజరు సలహా అది. 1799లో దాదాపు 11,000 గాలన్లు కాచారు. అప్పటికి దేశంలోని పెద్ద బట్టీల్లో అదొకటి.

బెజవాడ బాబాయ్ · ఆదివారం రాత్రి 9:52

చివరి పేరా చదివి మా ఆవిడ పడీపడీ నవ్వింది. అన్ని పార్టీలూ ఒక్కటే అంది.

మాజీ మేస్టారు · సోమవారం ఉదయం 5:50

పిచ్చోడు గారూ, ఫిండ్లే సంగతి బాగా చెప్పారు. కార్లైల్ దగ్గర ఆయన పక్షాన నేను కూడా ఉండేవాణ్ణేమో. ఒక్క చిన్న సవరణ. సారా బట్టీ పెట్టింది పన్ను వేసిన ఆరేళ్లకు కదా, ముందే పథకం వేసుకుని చిన్నవాళ్ల బట్టీలు ఆర్పించాడని ఎవరైనా అనుకుంటే అది తప్పు.

పాత కాగితాల పిచ్చోడు · సోమవారం ఉదయం 7:15

అలా నేననలేదు, అనను కూడా. నవ్వొచ్చింది కాబట్టి చెప్పాను, అంతే.

మాజీ మేస్టారు · సోమవారం ఉదయం 7:40

సరే. మరి రాధమ్మకి ఒక మాట. కౌలు గురించి అన్నావు కదా, నిన్న రాత్రి అదే ఆలోచిస్తూ పడుకున్నాను. 1793లో వాషింగ్టన్ ఇంటి పొలం తనకుంచుకుని, మిగతా నాలుగు పొలాలు ఇంగ్లండు రైతులకు కౌలుకిద్దామని ఆర్థర్ యంగ్‌కి రాశాడు. తర్వాత పేపర్లో ప్రకటన కూడా ఇచ్చాడు. 1794లో, అంతకుముందు తన దగ్గర కార్యదర్శిగా చేసిన టోబియాస్ లియర్‌కి గుట్టుగా అసలు కారణం చెప్పుకున్నాడు: మనసుకు నచ్చకుండానే అట్టిపెట్టుకున్న బానిసలను విడిపించాలంటే ఇదొక దారి అని. కౌలుదారులు దొరకలేదు, పథకం అటకెక్కింది. మనిషికి లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉందని దీన్నిబట్టి నాకనిపిస్తుంది.

అరక పట్టిన రాధ · సోమవారం ఉదయం 8:55

ముల్లు ఉన్నది, కాదనను. కానీ ఆ ఉత్తరం రాసిన రెండేండ్లకు, 1796ల, ఓనా జడ్జ్ అనే ఇరవై రెండేండ్ల బానిస పిల్ల ఫిలడెల్ఫియాల ప్రెసిడెంటు ఇంట్ల నుంచి తప్పించుకుని న్యూ హాంప్‌షైర్ చేరింది. ఆమెను పట్టి తెప్పించాలని మనుషులను పంపిండు. ఒక్కసారి కాదు. ఆమె మళ్లీ దొరకలే. అంతకుముందు పెన్సిల్వేనియా చట్టం కింద ఆరు నెలలు దాటితే బానిసలు విడుదల అడగొచ్చని, గడువు నిండకముందే వాళ్లను రాష్ట్రం దాటించి తెచ్చేటోళ్లు. ముల్లు గుచ్చుకున్నోడు ఇంత జాగ్రత్తగా క్యాలెండర్ చూసుకుంటడా?

మేస్టారూ, మీరంటే నాకు గౌరవం. ఆయన తెలివైన వ్యవసాయదారుడు అనండ్రి, ఒప్పుకుంట. పంట తెలిసినోడు అనండ్రి, ఒప్పుకుంట. రైతు మాత్రం మాకు వదిలేయండ్రి.

ఆష్‌బర్న్ అమ్మ · సోమవారం మధ్యాహ్నం 1:20

"రైతు మాకు వదిలేయండి." ఈ మాట దగ్గర ఆగిపోయాను. నిన్న నేను బిరుదు అన్నదాన్ని కాస్త వెనక్కి తీసుకుంటున్నాను.

సింగరాయకొండ చిన్నోడు · సోమవారం రాత్రి 11:10

అందరికీ థ్యాంక్స్. భోజనాలయ్యాక నాన్నకి మొత్తం చదివి వినిపించాను. గంటన్నర పట్టింది, మధ్యలో అమ్మ రెండుసార్లు టీ ఇచ్చింది.

లండన్ కంపెనీ ఖాతా దగ్గర నాన్న గట్టిగా నవ్వారు. "మన ఊళ్లో పెట్టుబడికి అప్పిచ్చి, సరుకు తనకే తోలాలనే పెద్దమనిషి ఉండేవాడు చూడు, వాడు ఏ దేశంలోనైనా ఉంటాడన్నమాట" అన్నారు. రాధక్క వాళ్ల నాన్నగారి సంగతి వచ్చినప్పుడు మాత్రం మాట్లాడలేదు. మాకున్న ఐదెకరాలు కాక నాన్న కూడా పదేళ్లు కౌలుకు చేశారు.

నేను నూర్పిడి గురించి ఇంకొకటి చదివి చెప్పాను. మేం చూసిన గుండ్రటి కొట్టం కాదు, అంతకుముందు ఇంకో పొలంలో వాషింగ్టన్ మంచి కొట్టం కట్టించాడు. ఒక రోజు వెళ్లి చూస్తే తలుపుకి ముప్పై అడుగులు కూడా లేని చోట, లోపల ఉన్న గోధుమను బయటికి తెచ్చి ఆరుబయటే గుర్రాలతో తొక్కిస్తున్నారట. వానొస్తే ఏంగాను అని 1793లో హెన్రీ లీకి రాసిన ఉత్తరంలో వాపోయాడు. ఈ పదహారు పలకలది పూర్తయింది ఆ తర్వాతే.

నాన్న కాసేపు ఊరుకుని అన్నారు: "మనం కళ్లంలో ఎడ్లను కట్టి తొక్కించినట్టే గదరా అది. కళ్లం మీద కప్పేయాలని తోచిందంటే, వాడు వాన దెబ్బ తిన్నోడే. తడిసిన గింజ చేత్తో పట్టుకుని చూసుంటాడు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటా."

నేను గెలిచాననుకునేలోపు మళ్లీ ఆయనే అడిగారు: "గుర్రాల వెనకాల తిరిగినోళ్ల పేర్లు అక్కడ బోర్డు మీద ఉన్నాయా?"

చూడలేదు నాన్నా అన్నాను.

మాజీ మేస్టారు · మంగళవారం ఉదయం 5:35

బోర్డు సంగతి నాకు తెలియదు గానీ, పేర్లు పోలేదు. 1799లో వాషింగ్టన్ తన చేత్తో రాసిన జాబితా ఉంది. ఏ పొలంలో ఎవరు, వయసెంత, భార్యో భర్తో ఏ పొలంలో ఉన్నారు, అన్నీ. డోగ్ రన్ అనే పొలం కింద చూడు, నువ్వు చూసిన కొట్టం అసలుది అక్కడే ఉండేది.

అరక పట్టిన రాధ · మంగళవారం ఉదయం 8:12

చిన్నోడూ, ఆ పేర్లు దొరికితే ఇక్కడ పెట్టు. మీ నాయినతోటే చదివించు.

సింగరాయకొండ చిన్నోడు · మంగళవారం రాత్రి 9:25

తప్పకుండా అక్కా. శనివారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి మిల్లు, సారా బట్టీ కూడా చూడాలట. నాన్న నన్ను కొలత టేపు కొనమన్నారు. గింజ రాలడానికి చెక్కల మధ్య సందు ఎంత పెట్టారో కొలుస్తారట.